నల్లరేగడి మీద లండన్ వాటాలు

నల్లమల పడమటి అంచున వెలసిన అహోబిలం నుంచి ఆళ్ళగడ్డ, శిరివెళ్ళ, నంద్యాల మీదుగా ఎర్రమల కొండల దాకా పరుచుకున్న కుందేరు లోయ చరిత్రను రాసినవారు ప్రధానంగా మూడు విషయాల చుట్టూనే తిరిగారు: విజయనగర కాలపు ఆలయ వైభవం, పాలెగాళ్ల పోరాటాలు, కరువులు. వీటితో సమానంగా పట్టించుకోవలసిన నాలుగో విషయం ఒకటి ఉంది. సుమారు నూట అరవై ఏళ్లుగా ఈ లోయ బతుకు లండన్, బొంబాయి వాటాల బజార్లతో ముడిపడి ఉంది. ఒక కంపెనీ మూలధనాన్ని చిన్న చిన్న భాగాలుగా విభజించి జనానికి అమ్మితే ఆ భాగాన్ని వాటా లేదా షేరు అంటారు, దాన్ని కొన్నవాడు మదుపరి. ఎక్కడో జరిగిన యుద్ధమో, కూలిన బ్యాంకో, మారిన నాణెం విలువో ఆ మదుపరికి నష్టం తెచ్చినప్పుడు ఆ నష్టం చివరికి ఎవరి మీద పడిందన్న ప్రశ్నకు ఈ లోయ చరిత్రలో ఒక్కో కాలంలో ఒక్కో జవాబు దొరుకుతుంది. ఆ జవాబులు మారిన తీరే ఈ వ్యాసానికి విషయం.

ఈ సంబంధానికి మొదటి పోగు పత్తి. లోయలోని నల్లరేగడి నేలల్లో ఆగస్టు, సెప్టెంబరు వానల అదునులో విత్తి, వేసవి ముంగిట ఏరే పత్తిని హింగారి పత్తి అంటారు. తొలకరితో ఎర్రనేలల్లో వేసేది ముంగారి. అహోబిల నరసింహుని ఉత్సవమూర్తులు కనుమనాడు పారువేటకు బయలుదేరి నెలన్నరపాటు చుట్టుపక్కల గ్రామాల్లో సంచరించే కాలమూ, ఆ గ్రామాల చేలల్లో హింగారి కాయ పగిలే కాలమూ ఇంచుమించు ఒకటే. నంద్యాల ప్రాంతపు పత్తికి మద్రాసు, లివర్‌పూల్ వర్తకులు ‘నార్దర్న్స్’ అనీ, బళ్లారి వైపు పత్తికి ‘వెస్టర్న్స్’ అనీ పేర్లు పెట్టుకున్నారు. రైలు రాకముందు ఈ సరుకు ఎద్దుబండ్ల మీద వారాల తరబడి ప్రయాణించి మద్రాసు రేవుకు చేరేది. దారి ఖర్చు, తడిసి పాడైన నష్టం పోను రైతు చేతికి మిగిలేది స్వల్పం.

1861 ఏప్రిల్‌లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై, ఉత్తర రాష్ట్రాల నౌకాదళం దక్షిణాది రేవులను దిగ్బంధించడంతో ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులకు పత్తి కరవైంది. అప్పటిదాకా ఆ మిల్లులు వాడే పత్తిలో అత్యధిక భాగం అమెరికా నుంచే వచ్చేది. భారతదేశపు పొట్టిపింజ పత్తిని నాసిరకంగా చూసిన వర్తకులే దానికి మునుపటికన్నా కొన్ని రెట్లు ధర కట్టారు. ఆ లాభాలు బొంబాయికి చేరి వాటాల వెర్రిగా మారాయి: బ్యాంకులు, సముద్రాన్ని పూడ్చి నేలగా మార్చే కంపెనీలు, ఓడల కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి; 5,000 రూపాయల బ్యాక్‌బే రిక్లమేషన్ వాటా ఒక దశలో 50,000 దాకా పలికింది; ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ అనే వర్తకుని మాటే బజారుకు ధర అయింది. 1865 వసంతంలో యుద్ధం ముగిసిందన్న వార్తతో పత్తి ధర పడిపోయింది. ముందు తేదీకి బేరాలు చేసుకున్నవారు డబ్బు చెల్లించవలసిన 1865 జూలై 1న బొంబాయి బజారు కుప్పకూలింది. బ్యాంక్ ఆఫ్ బాంబే సైతం నిలదొక్కుకోలేక 1868లో మూతపడింది. నంద్యాల లోయలో బ్యాక్‌బే వాటా ఉన్నవాడు ఉండే అవకాశం లేకపోయినా, ఆ వాటాను ఆకాశానికెత్తిన సరుకు ఇలాంటి రేగడి చేలలోనిదే. ధర పెరిగినప్పుడు అందులో సింహభాగం మధ్యవర్తులకు పోయింది. ధర పడినప్పుడు మాత్రం దెబ్బ రైతు దాకా పూర్తిగా వచ్చింది.

పత్తి ఆకలే ఇంకో పెద్ద ప్రయత్నానికి దారి తీసింది. ఈ లోయకూ వాటాల బజారుకూ నేరుగా కుదిరిన మొదటి బంధం అదే గనుక దాన్ని వివరంగా చూడాలి. మాంచెస్టర్ మిల్లు యజమానులు 1857లో కాటన్ సప్లై అసోసియేషన్ అనే సంఘం పెట్టుకుని భారతదేశంలో కాలువలు, రోడ్లు వేయించాలని ఒత్తిడి తెస్తున్న రోజులవి. ధవళేశ్వరం వద్ద 1847–52 మధ్య గోదావరి ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ పేరు అప్పటికి ఇంగ్లండులో మార్మోగుతోంది. ఆ ఆనకట్ట ప్రభుత్వానికి తెచ్చిన ఆదాయం చూసి, నీటిపారుదల మీద పెట్టిన డబ్బు తప్పక లాభం ఇస్తుందన్న నమ్మకం మదుపరుల్లో కలిగింది. ఆ నమ్మకం మీదనే 1850ల చివర లండన్‌లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఏర్పడింది. తుంగభద్ర మీద కర్నూలుకు ఎగువన సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, అక్కడి నుంచి నంద్యాల లోయ మీదుగా కడప దాకా సుమారు 190 మైళ్ల కాలువ తవ్వి, దాని మీద పడవలు నడపడం, దాని నీటిని సాగుకు అమ్మడం ఆ కంపెనీ లక్ష్యం. కర్నూలు–కడప కాలువ, జనం నోట కె.సి. కెనాల్, పుట్టింది ఇలా ఒక వాటాల కంపెనీ ఆస్తిగానే.

ఆ కంపెనీ వాటాలు కొన్నవారికి దొరికిన రక్షణ అసాధారణమైనది. 10 లక్షల పౌండ్ల మూలధనం మీద ఏడాదికి 5 శాతం వడ్డీ తప్పక వస్తుందని భారత ప్రభుత్వం హామీ ఇచ్చింది. హామీ అంటే కాలువకు లాభం వచ్చినా రాకపోయినా, చివరికి ఒక్క ఎకరం తడవకపోయినా, వాటాదారుకు ఆ వడ్డీని భారతదేశపు పన్నుల రాబడి నుంచి చెల్లించడం. రైల్వే కంపెనీలకు అప్పటికే ఉన్న ఈ పద్ధతి నీటిపారుదల కంపెనీల్లో దీనికి దక్కింది. ఒరిస్సాలో ఇలాంటి పనే తలపెట్టిన ఈస్ట్ ఇండియా ఇరిగేషన్ కంపెనీకి అది లేదు, కొద్ది ఏళ్లకే దాన్ని ప్రభుత్వం కొనేయవలసి వచ్చింది. హామీ ఉన్న చోట మదుపరి కాలువ ఎలా తవ్వుతున్నారో, నేల స్వభావం ఏమిటో ఆరా తీయవలసిన అవసరం ఉండదు. పని జాగ్రత్తగా చేయించవలసిన ఒత్తిడి కంపెనీ మీద తగ్గుతుంది. ఖర్చు అంచనాలు దాటిపోయి మూలధనం చాలకపోవడానికి ఇదొక ప్రధాన కారణమని చెప్పడం అన్యాయం కాదు.

1866 మే నెలలో లండన్‌లో ఓవరెండ్ గర్నీ అనే పెద్ద ఆర్థిక సంస్థ చేతులెత్తేయడంతో అక్కడి డబ్బు బజారు బిగుసుకుపోయి, వడ్డీ రేటు 10 శాతానికి ఎక్కింది. కొత్త వాటాలకు కొనేవారు లేని ఆ ఏడాదే కాలువ కంపెనీ ఖజానా ఖాళీ అయింది. చివరికి ప్రభుత్వమే డిబెంచర్ల మీద, అంటే నిర్ణీత వడ్డీతో తిరిగి తీర్చవలసిన రుణపత్రాల మీద, మరో 6 లక్షల పౌండ్లు అప్పుగా ఇచ్చి పని ముందుకు నడిపించింది. 1871 నాటికి కాలువ పూర్తయింది. లండన్‌లో ఒక సంస్థ కూలిన ఏడాది నల్లమల నీడన సాగుతున్న మట్టిపనికి డబ్బు దొరకకపోవడం, ఆ లోటును భారత ఖజానా పూడ్చడం, ప్రపంచ పరిణామాలు ఈ లోయలోకి ఏ దారిన వచ్చేవో చూపుతాయి.

నీళ్లు వచ్చాయి గాని, కొనేవారు రాలేదు. దీనికి కారణం రైతు అజ్ఞానమని ఆనాటి కొందరు అధికారులు తలచారు. ఆ అభిప్రాయాన్ని అంగీకరించడానికి వీల్లేదు. గోదావరి డెల్టాలోని ఒండ్రునేలకూ కుందేరు లోయలోని రేగడికీ పోలిక లేదు. రేగడి తడిస్తే జిగటబంకగా మారి అరక దిగనివ్వదు, ఎండితే మనిషి చెయ్యి పట్టేంత వెడల్పున నెర్రెలు విచ్చుతుంది. ఒకసారి పదును దొరికితే ఆ తేమను నెలల తరబడి లోపల పట్టి ఉంచి, జొన్ననూ పత్తినీ శనగనూ మళ్లీ వాన అక్కరలేకుండా గట్టెక్కిస్తుంది. అలాంటి చేలోకి కాలువ నీరు పెడితే మురుగు నిలిచి, కలుపు పెరిగి, పత్తికి మేలుకన్నా కీడే జరుగుతుంది. వరి పండించాలంటే చేను చదును చేయాలి, గట్లు వేయాలి, ఎరువు సంపాదించాలి, వీటన్నిటి పైన నీటితీరువా కట్టాలి. వాన పడిన ఏడు కాలువ నీరు అక్కరలేదు, వాన తప్పిన ఏడు తీరువా కట్టే స్తోమత లేదు. లోయ రైతు ఈ లెక్క వేసుకునే కాలువకు దూరంగా ఉన్నాడు. లండన్ మదుపరి వేసుకోని లెక్క ఇదే.

1876–78 మహాక్షామంలో మాత్రం కాలువ కింద సాగు ఒక్కసారిగా పెరిగి, నీరందిన గ్రామాలు కొంత ధాన్యం చూశాయి. మిగతా జిల్లాలో జరిగింది వినాశం. కర్నూలు జిల్లా జనాభా 1871 లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య సుమారు నాలుగో వంతు తగ్గింది. ఆ ఏళ్లలోనూ లండన్ వాటాదారు 5 శాతం హామీకి భంగం రాలేదు. పైగా అదే కాలంలో ఇంకో ప్రపంచ పరిణామం ఆ హామీ బరువును పెంచింది. 1870ల మొదట్లో జర్మనీ మొదలైన దేశాలు వెండి నాణేన్ని వదిలి బంగారాన్ని ప్రమాణంగా తీసుకోవడంతో వెండి ధర పడింది, వెండి నాణెమైన రూపాయి విలువా దానితోపాటే దిగింది. 1871–72లో సుమారు 23 పెన్నీలు పలికిన రూపాయి 1881–82కు 20 పెన్నీల లోపుకు వచ్చింది. 10 లక్షల పౌండ్ల మీద 5 శాతమంటే ఏటా 50,000 పౌండ్లు. అన్ని పౌండ్లు కొనడానికి మొదట 5 లక్షల 20 వేల రూపాయలు సరిపోతే పదేళ్ల తర్వాత 6 లక్షలు కావలసి వచ్చాయి. ఆ తేడాను భరించింది పన్ను కట్టే రైతు. 1882లో ప్రభుత్వం కంపెనీని కొనివేయడంతో ఈ అధ్యాయం ముగిసింది. వాటాదారులు సొమ్ముతో సురక్షితంగా బయటపడ్డారు. లోయకు కాలువ మిగిలింది. సాగు పద్ధతులు మారి వరి విస్తరించిన తరువాతి కాలంలో నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల ఐశ్వర్యానికి అదే ఆధారమైంది గనుక ఆ పెట్టుబడి వృథా అయిందని అనలేము. ప్రశ్న కాలువ మంచిచెడ్డల గురించి కాదు. లాభనష్టాల్లో పాలుపంచుకుంటానని వాటా కొన్నవాడికి నష్టం అంటకుండా, వాటా పేరే వినని వాడు ఆ నష్టాన్ని మోశాడు.

1880ల చివర నల్లమలను తొలిచి నంద్యాల మీదుగా గుంతకల్లు–బెజవాడ రైలుమార్గం పడ్డాక లోయకూ రేవులకూ దూరం తగ్గింది, డబ్బు కదలికా పెరిగింది. వర్తకులు, ఉద్యోగులు, వకీళ్లు మిగులు సొమ్మును వడ్డీకి దాచుకునే అలవాటు మద్రాసు రాజధాని అంతటా వ్యాపించింది. ఆ రోజుల్లో అందరూ కళ్లు మూసుకుని నమ్మిన సంస్థ మద్రాసులోని అర్బత్నాట్ కంపెనీ. 1906 అక్టోబరు 22న అది దివాలా తీసింది. మద్రాసు డిపాజిట్ల సొమ్ము లండన్‌లోని భాగస్వామి మక్‌ఫాడ్యన్ చేతుల మీదుగా విదేశీ సట్టా వ్యాపారాల్లోకి పోయిందని అప్పుడు బయటపడింది. సట్టా అంటే సరుకు అక్కర లేకుండా ధర పెరుగుతుందనో తగ్గుతుందనో పందెంగా చేసే బేరం. మక్‌ఫాడ్యన్ ఆత్మహత్య చేసుకున్నాడు, సర్ జార్జ్ అర్బత్నాట్‌కు 18 నెలల కఠిన శిక్ష పడింది, వేలాది కుటుంబాల జీవితకాలపు పొదుపు మట్టిలో కలిసింది. లండన్ వాటాదారుకు ఇచ్చిన హామీ లాంటిది ఇక్కడి డిపాజిట్‌దారుకు ఏదీ లేదు. ఈ దెబ్బ నుంచే సొంత బ్యాంకుల ఆలోచన పుట్టింది: 1907లో మద్రాసులో ఇండియన్ బ్యాంక్, 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య చొరవతో ఆంధ్రా బ్యాంక్ ఏర్పడ్డాయి.

1928 నవంబరులో నంద్యాలలో జరిగిన దత్తమండలాల సభలో, అప్పటిదాకా ఆ పేరుతో పిలిచిన ఈ సీమకు రాయలసీమ అనే పేరు ఖాయమైంది. మరుసటి ఏడాది అక్టోబరులో న్యూయార్క్ వాటాల బజారు కూలి ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో పడింది. వేరుశనగ, పత్తి ధరలు సగానికి సగం పడ్డాయి. శిస్తు, వడ్డీ మాత్రం తగ్గలేదు. 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలి రూపాయిని తన పౌండుకు కట్టిపడేయడంతో రూపాయల్లో బంగారం ధర లేచింది, తులం 21 రూపాయల చుట్టూ ఉన్నది కొద్ది ఏళ్లలో 30 దాటింది. అప్పుల్లో మునిగిన ఇళ్ల నుంచి నాన్‌తాళ్లు, కడియాలు షరాబు అంగళ్లకు చేరి, కరిగి, బొంబాయి మీదుగా లండన్‌కు ఓడలెక్కాయి. పల్లె కుటుంబానికి వాటా, బ్యాంకు ఖాతా, బీమా అన్నీ ఆ బంగారమే గనుక రాయలసీమ మదుపరుల చరిత్రలో దీన్ని అతిపెద్ద అమ్మకంగానే లెక్కించాలి.

స్వాతంత్ర్యం తర్వాత నాలుగు దశాబ్దాలు వాటాల బజారు చాలావరకు దేశం గోడల మధ్యనే నడిచింది. 1943లో మొదలైన హైదరాబాద్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్ రాష్ట్రావతరణ తర్వాత తెలుగువారి ప్రధాన బజారైంది. 1955లో స్థాపితమైన పాణ్యం సిమెంట్స్ లోయ పడమటి సున్నపురాయిని వాటాల పరిశ్రమగా మార్చింది. కంపెనీలు ఎంత ధరకు వాటాలు అమ్మాలో ఢిల్లీ అధికారి నిర్ణయించే ఆ రోజుల్లో బయటి ప్రపంచపు కుదుపులు మదుపరికి నేరుగా తగిలేవి కావు.

ఆ గోడలు 1991లో కూలాయి. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించడంతో చమురు ధర ఎగసింది, గల్ఫ్‌లో పనిచేస్తున్న కార్మికులు పని వదిలి తిరిగివచ్చారు, వారు పంపే డబ్బు ఆగిపోయింది. దేశం చేతిలో విదేశీ మారకద్రవ్యం కొద్ది వారాల దిగుమతులకు సరిపడేంతే మిగిలింది. 1991 జూన్‌లో ప్రధాని పదవి చేపట్టిన పి.వి. నరసింహారావు ప్రభుత్వం జూలైలో రూపాయి విలువ తగ్గించింది. ఆ నెలలోనే దేశపు బంగారంలో 47 టన్నులు విదేశాల్లో కుదువకు వెళ్లింది. అప్పటికి పార్లమెంటు సభ్యుడు కాని నరసింహారావు ఆ నవంబరులో అహోబిలం, ఆళ్ళగడ్డలతో కూడిన నంద్యాల లోక్‌సభ స్థానం నుంచే ఉప ఎన్నికలో పోటీచేసి 5 లక్షల 80 వేల ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. నంద్యాల ప్రతినిధి హయాంలోనే 1992లో వాటాల ధరల మీద ప్రభుత్వ నియంత్రణ రద్దయింది, వాటాల బజారు నియంత్రణ సంస్థ సెబీకి చట్టబద్ధమైన అధికారాలు వచ్చాయి, ఆ సెప్టెంబరులో విదేశీ సంస్థాగత మదుపరులకు, అంటే ఇతర దేశాల పింఛను నిధులు, మ్యూచువల్ ఫండ్ల వంటివాటికి, భారతీయ వాటాలు కొనే అనుమతి దొరికింది. అదే ఏడాది ఏప్రిల్‌లో 4,467 తాకిన బొంబాయి బజారు సూచీ సెన్సెక్స్, బ్రోకరు హర్షద్ మెహతా కుంభకోణంతో ఏడాది తిరిగేసరికి సగానికి పడింది; అది ఇంటి దొంగతనం. బయటి గాలి ఎంత బలంగా వీస్తుందో తెలియడానికి ఇంకో పదహారేళ్లు పట్టింది.

2008 జనవరిలో 21,206 దాకా వెళ్లిన సెన్సెక్స్ అక్టోబరు 27న ఒక దశలో 7,700 దిగువకు జారింది. మధ్యలో సెప్టెంబరు 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. అమెరికాలో ఇళ్ల అప్పులు మొండిబకాయిలు కావడానికీ, నంద్యాలలో ఒక ఉపాధ్యాయుడో ఎరువుల వ్యాపారో దాచుకున్న సిమెంటు కంపెనీ వాటా ధరకూ పైకి సంబంధం కనిపించదు. ఉన్న సంబంధం ఇది: సొంత దేశంలో డబ్బు వెనక్కి అడిగేవారికి చెల్లించడానికి విదేశీ నిధులకు డాలర్లు కావలసి వచ్చాయి, అక్కడి కుళ్లిన పత్రాలకు కొనేవారు లేరు గనుక, ఎక్కడ కొనేవారు ఉన్నారో అక్కడి మంచి వాటాలనే అమ్మారు. 2008లో ఆ నిధులు భారతీయ వాటాల నుంచి నికరంగా 50,000 కోట్ల రూపాయలకు పైగా వెనక్కి తీసుకున్నాయి. కంపెనీ ఆరోగ్యంగానే ఉంది, వాటా ధర మాత్రం కుప్పకూలింది. ఈ తేడా తెలియని చిన్న మదుపరి భయపడి అట్టడుగు ధరకు అమ్ముకున్నాడు. ఆ గాయం మానకముందే 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడి, ఒక్క రోజులో ఆ వాటా 78 శాతం పడిపోయింది. తెలుగువారి కంపెనీ అన్న అభిమానంతో దాన్ని పట్టుకుని ఉన్న తెలుగు మదుపరులకు అది రెండో దెబ్బ.

కరోనా భయంతో 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్క రోజులో 13 శాతం పడినప్పుడు దేశంలో డీమ్యాట్ ఖాతాలు, అంటే వాటాలను కాగితం లేకుండా నిల్వ ఉంచే ఖాతాలు, సుమారు 4 కోట్లు. 2024 చివరికి అవి 18 కోట్లు దాటాయి. ఈ పెరుగుదలలో నంద్యాల వంటి పట్టణాల పాలు తక్కువది కాదు. బ్రోకరు కార్యాలయం మొహం చూడకుండానే చేతిలోని ఫోన్‌లో వాటా కొనే తరం ఇది. నెలనెలా కొంత మొత్తం మ్యూచువల్ ఫండ్‌లో వేసే సిప్ పద్ధతి చీటీపాటల అలవాటున్న కుటుంబాలకు సులభంగానే పట్టుబడింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం, అమెరికాలో వడ్డీ రేట్ల పెంపు కలిసి వచ్చి విదేశీ నిధులు లక్ష కోట్ల రూపాయలకు పైగా వాటాలు అమ్ముకుని వెళ్లినా భారతీయ బజారు 2008లో లాగా కూలలేదు. ఆ అమ్మకానికి ఎదురు నిలిచి కొన్నది దేశీయ సంస్థలు. వాటికి డబ్బు అందించిన దారుల్లో అక్టోబరు నాటికి నెలకు 13,000 కోట్ల రూపాయలు దాటిన సిప్ వాయిదాలు ఒకటి. విదేశీ మదుపరి కోరుకున్న రోజున మంచి ధరకు అమ్మి వెళ్లగలగడానికి ఆ వాయిదాలూ ఒక ఆసరా. కాలువ కంపెనీ కాలంలో లండన్ వాటాదారు భద్రతకు భారతీయుల పన్ను పూచీ పడింది, అదీ వారిని అడగకుండానే. ఇప్పటి వాయిదా ఇష్టపూర్వకమే, లాభం వస్తే అదీ వాయిదా కట్టినవాడిదే. 5 శాతం హామీ మాత్రం అతనికి ఎవరూ రాసి ఇవ్వలేదు.